పందొమ్మిది కిలోమీటర్లు

ఆ గురువారం పొద్దున సాహిరా బండి తాళం తిప్పగానే చిన్న తెర మీద యాభై ఎనిమిది అని వెలిగింది. ట్యాంకులో ఉన్న పెట్రోలుతో ఇంకా యాభై ఎనిమిది కిలోమీటర్లు పోవచ్చని లెక్క. సాయంత్రం కొట్టించుకుందాంలే అనుకుని బయలుదేరింది.

సాహిరాకి ముప్పై ఒకటి. నెల్లూరులో రొయ్యలకు రోగాల పరీక్షలు చేసే ల్యాబ్‌లో ఉద్యోగం. తోటపల్లి గూడూరు నుంచి సముద్రం అంచు దాకా ఉన్న రొయ్యల గుంటలన్నీ తిరిగి, ఐసు పెట్టెలో రొయ్యలు వేసుకుని ఒంటిగంట లోపల ల్యాబ్‌కి చేర్చాలి. ఒంటిగంటకి మిషన్ మొదలెడతారు. తర్వాత వచ్చినవి మర్నాటికే.

పదకొండున్నరకి ఆఖరి గుంట దగ్గరికి వచ్చింది. అది చెంచులక్ష్మిది. భర్త పోయిన రెండేళ్ల నుంచీ గుంట ఆమే చూసుకుంటోంది. పొలం మాత్రం ఇంకా ఆమె బావగారు ఆదెయ్య పేరు మీదే ఉంది, ల్యాబ్‌లో రాసిన ఫోన్ నంబరూ ఆయనదే. సాహిరా వచ్చేసరికి చెంచులక్ష్మి వల వేసి, రొయ్యల్ని బకెట్లో పెట్టుకుని గట్టు మీద నిలబడి ఉంది.

"మేత సరిగా తినడం లేదు మే," అంది. "నిన్న సాయంత్రం రెండు గట్టు పక్కకి వచ్చి ఆడే నిలబడిపోయినాయి. నాకెందుకో భయంగా ఉండాది. సాయంత్రానికి చెప్పిస్తావా?"

"చెప్పిస్తాను అక్కా. రోగమని తేలితే తెల్లారేసరికి పట్టించేయొచ్చు. చిన్నవైనా అమ్ముడుపోతాయి."

బండి ఎక్కి చూస్తే ముప్పై నాలుగు చూపిస్తోంది. ల్యాబ్ ఇరవై ఏడు కిలోమీటర్లు. పెట్రోలు బంకు మీదుగా పోతే ఆరు కిలోమీటర్లు చుట్టు. కాలవ గట్టు దారి దగ్గర. సాహిరా కాలవ దారి పట్టింది.

ఎదురుగాలి. దారంతా ఇసక. ఫస్టు గేరూ సెకండు గేరూ తప్ప మూడోది పడడం లేదు. రెండు కిలోమీటర్లు పోయిందో లేదో ముప్పై నాలుగు కాస్తా ఇరవై ఒకటైంది. ఆమె కళ్లు దారి మీద కంటే తెర మీదే ఎక్కువ ఉన్నాయి. పద్నాలుగు. ఆరు. తర్వాత అంకె పోయి రెండు గీతలు మిగిలాయి. బండి నాలుగుసార్లు దగ్గి ఆగిపోయింది.

అటూ ఇటూ గుంటలు తప్ప ఏమీ లేవు. బండిని పక్క స్టాండు మీద వాల్చి, దిగి, వాళ్ల నాన్న చోటే సాహెబ్‌కి ఫోన్ చేసింది. ఆయన తోటపల్లి గూడూరులో మెకానిక్. ఆ పూట సామాన్ల కోసం నెల్లూరు పోయి ఉన్నాడు. ఫోన్ ఎత్తలేదు.

అప్పుడే మేత బస్తాలు దించి తిరిగిపోతున్న వ్యాను ఒకటి వచ్చింది. డ్రైవరు ఆపి, "ఏమైంది పాపా? నెల్లూరు పోతుండా, ఎక్కుతావా?" అన్నాడు.

సాహిరా ఊరికే తాళం ఆపి మళ్లీ తిప్పింది. తెర మీద పందొమ్మిది అని వచ్చింది. ప్రాణం లేచి వచ్చినట్టయింది.

"వద్దన్నా, పెట్రోలు ఉంది. ఏదో అడ్డం పడి ఉంటది," అంది.

వ్యాను వెళ్లిపోయింది. బండి స్టార్టయింది. రెండు వందల గజాలు పోయి మళ్లీ ఆగింది. ఈసారి ఎన్నిసార్లు నొక్కినా లేవలేదు.

ఆ దారిలో తర్వాత మనిషి కనపడలేదు. పెట్టె బరువు, బండి బరువు. ఎండలో కొంత దూరం తోసింది, కూర్చుంది, లేచింది, మళ్లీ తోసింది. పెట్టె మూత తీసి చూడాలనిపిస్తుంది, తీస్తే ఐసు కరుగుతుందని భయం. తీయకుండా ఉండలేక రెండుసార్లు తీసింది. నాన్న ఆలస్యంగా ఫోన్ చూసుకుని తిరిగి చేసి, సీసాలో పెట్రోలు పట్టుకుని వచ్చేసరికి రెండున్నర. ల్యాబ్‌లో అడుగుపెట్టేసరికి మూడున్నర దాటింది. పెట్టెలో ఐసు మొత్తం నీళ్లయిపోయింది, రొయ్యలు మెత్తబడిపోయాయి.

ల్యాబ్ యజమాని హరినాథ్ మూత తీసి చూసి, "ఇవి పనికిరావు. మళ్లీ తేవాల. ఎందుకింత ఆలస్యం?" అన్నాడు.

"ఆఖరి గుంట కాడ వల ఆలస్యంగా వేసినారు సార్," అంది సాహిరా. ఆ మాట అనాలని అనుకుని అనలేదు. నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోలేదు.

శుక్రవారం మళ్లీ రొయ్యలు తెచ్చింది. ఆ రోజు మిషన్ నిండుగా ఉండి ఫలితం శనివారం పొద్దున వచ్చింది. తెల్లమచ్చ రోగం. అప్పటికే చెంచులక్ష్మి గుంటలో రొయ్యలు గట్ల వెంబడి చచ్చి తేలుతున్నాయి. పట్టడానికి ఏమీ మిగల్లేదు.

శనివారం సాహిరా అన్నం దగ్గర కూర్చోలేకపోయింది. పళ్లెం ముందు నుంచి లేచి బండి దగ్గరికి పోయి తాళం తిప్పి చూసింది. మళ్లీ వచ్చి కూర్చుంది. మళ్లీ లేచింది. వాళ్లమ్మ నాగూర్‌బీ, "ఒంట్లో బాగలేదా?" అంటే, "బండిలో ఏందో ఉంది," అంది.

ఆదివారం ట్యాంకు మూతి దాకా పెట్రోలు కొట్టించి కొడవలూరు వైపు హైవే ఎక్కింది. ఒక కిలోమీటరు రాయి దగ్గర దూరం లెక్కపెట్టే ట్రిప్ మీటరు సున్నా చేసి, అక్కడికి పది కిలోమీటర్ల రాయి దగ్గర ఆగి చూసింది. పది పాయింట్ ఆరు. తిరిగి వచ్చేటప్పుడు చూసింది. పది పాయింట్ ఆరు. మూడోసారి కూడా పోయింది. లారీలు రాసుకుంటూ పోతున్నాయి, ఆమెకి పట్టలేదు.

ఇంటికొచ్చి నాన్నని నిలదీసింది. చోటే సాహెబ్ ముందు చక్రం వైపు చూసి తల గోక్కున్నాడు.

"పోయిన నెల నేనే గదా టైరు మార్చినా. అసలు సైజు దొరక్క చిన్నది వేసినా. మీటరుకి దారి కనపడదమ్మా, చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో అంతే తెలుసు. చిన్న చక్రం ఎక్కువ తిరుగుతుంది. అదేమో చానా దూరం వచ్చేసినామని అనుకుంటుంది."

"మరి యాభై ఎనిమిదని చూపించింది?"

"ముందు రోజు యాడికి పోయినావు?"

"ఈ హైవే మీదే. కొడవలూరికి."

"నున్నటి రోడ్డు మీద తాగిన లెక్క పట్టుకుని చెప్పింటది. ఇసకలో ఎంత తాగుతుందో దానికేం తెలుసు."

"చచ్చిపోయినాక పందొమ్మిదని ఎట్టా వచ్చింది?"

ఆయన బండిని పక్క స్టాండు మీద వాల్చి చూపించాడు. "ట్యాంకులో తేలే బిళ్ల ఉంటది. బండి వాలితే అడుగున ఉన్న చుక్క ఒక పక్కకి చేరి బిళ్ల లేస్తుంది. అంతే. తప్పు నాదేనమ్మా. టైరు వేసినప్పుడే నీకు చెప్పాల్సింది."

సాహిరాకి కావలసింది అదే. తప్పు బండిది, టైరుది, బిళ్లది. కాగితం మీద పది పాయింట్ ఆరు అని మూడుసార్లు రాసుకుంది కూడా. ఆ కాగితం హరినాథ్‌కి చూపిద్దామని సోమవారం పొద్దున బయలుదేరి, సగం దారిలో ఆగిపోయింది. వల ఆలస్యంగా వేశారని చెప్పింది మీటరు కాదు. బండి తిప్పి సముద్రం వైపు పోయింది.

చెంచులక్ష్మి ముక్కుకి గుడ్డ కట్టుకుని గుంటలో బ్లీచింగ్ చల్లుతోంది. చచ్చిన రొయ్యల్ని ఒక మూల గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చారు. సాహిరా గట్టు మీద నిలబడి మొత్తం చెప్పింది. పెట్రోలు అయిపోవడం, వ్యాను పంపించేయడం, హరినాథ్‌తో అన్న మాట. 

చెంచులక్ష్మి చల్లడం ఆపలేదు. బకెట్ ఖాళీ అయ్యాక గుడ్డ విప్పింది.

"గురువారమే చెప్పుంటే దక్కేవా?"

"అన్నీ దక్కవక్కా. కొన్ని దక్కుండేవి. శుక్రవారం పొద్దున పట్టుంటే."

"శుక్రవారం నువ్వు మళ్లా వచ్చినావు. నేను నీకు మజ్జిగ ఇచ్చినా. అప్పుడన్నా నోరు విప్పలేదే."

సాహిరా తల వంచుకుంది.

"మీ ల్యాబ్ నుంచి మా బావకి మెసేజ్ పోయింది, తెలుసా? శాంపిల్ ఆలస్యంగా ఇచ్చినారని. ఆడది పొద్దెక్కిందాకా పడుకుంటే గుంట ఎట్టా నిలబడుతుంది అని ఊరంతా చెప్తున్నాడు. గుంట వెనక్కి తీసుకుంటాడంట."

"నాకు తెలీదక్కా."

"నువ్వు తల వంచుకున్నందువల్ల నాకేం రాదు. మీ సారుకి ఇప్పుడే ఫోన్ చెయ్యి. నాకు వినపడాల."

సాహిరా స్పీకరు పెట్టి చేసింది. హరినాథ్ అంతా విన్నాడు. తర్వాత, "మనం చెప్పే మాట నమ్మి గదమ్మా వాళ్లు వల వేసేది," అన్నాడు. "రేపటి నుంచి నువ్వు గుంటల మీదికి పోవద్దు. లోపల సీసాలు కడిగే పని ఉంది, చేస్తానంటే చెయ్యి. ఆదెయ్యకి నేను మెసేజ్ పెడతా."

"మెసేజ్ చాలదు," అంది చెంచులక్ష్మి, ఫోన్ పెట్టేశాక. "బండి తియ్. నేను వెనక కూర్చుంటా."

ఆదెయ్య వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఇద్దరు రైతులు మాట్లాడుతున్నారు. సాహిరాని కూర్చోమని ఎవరూ అనలేదు. నిలబడే చెప్పింది. పదకొండున్నరకే రొయ్యలు తన చేతిలో ఉన్నాయని, అంతకు ముందే ఆమె వల వేసి ఎదురుచూస్తోందని, అబద్ధం తనదని. 

ఆదెయ్య జేబులోంచి ఫోన్ తీసి కొత్త మెసేజ్ చదువుకున్నాడు. రైతులిద్దరూ చెంచులక్ష్మి వైపు చూసి చూపు తిప్పుకున్నారు.

"నీ మాటకి నా ఇంట్లో ఎంత గొడవైందో తెలుసా?" అన్నాడు సాహిరాతో.

"తెలిసినాకనే వచ్చినాను."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మరదలితో, ముఖం చూడకుండానే అన్నాడు:

"గుంట ఎన్ని రోజులు ఎండబెట్టాల?"

"ఇరవై రోజులు. తర్వాత దున్నిస్తా."

"ట్రాక్టరు నేను పంపిస్తాలే."

 చెంచులక్ష్మి మెట్లు దిగి, సాహిరా కోసం ఆగకుండా, గుంట వైపు నడుచుకుంటూ వెళ్లింది.