గుమ్మం గుమ్మానికీ ఒక గ్లాసు

వెండెల్ ఆ ఉదయం నుంచి తప్పించుకున్న గ్లాసులు మూడు. నాలుగోది ముక్కు ముందే ఉంది.

చెర్‌హాట్ కొండల్లో చెట్ల మీద గీసిన నీలి గీతల గుర్తులు పట్టి దూరపు కాలిబాట నడిచేవాణ్ణి హంగరీ పల్లెవాడు ఊరికే పోనివ్వడు. గేటు తీస్తాడు, కుర్చీ వేస్తాడు, ఇంట్లో పళ్లతో కాచిన పాలింక పోస్తాడు. ఆ సారా వద్దంటే ఇంటినే కాదన్నట్టు లెక్క. రెండు వందల పన్నెండు రోజులుగా మందు ముట్టని లారీ డ్రైవరు వెండెల్ ఏరికోరి ఈ దారే పట్టాడు. పైగా ఈ ఊరు దాటినట్టు నడకదారి పుస్తకంలో వేసుకోవాల్సిన ముద్ర ఉండేది సారాకొట్టులో. ఈ ఏర్పాటు చేసినవాడి తెలివి తెల్లారినట్టే ఉంది.

మొదటి ఇంట్లో కడుపునొప్పి అన్నాడు. దానికి ఇదే విరుగుడన్నారు. రెండో ఇంట్లో మాత్రలు వాడుతున్నానన్నాడు. మాత్రలు మానెయ్యమన్నారు. మూడో ఇంట్లో ఎవరూ చూడకుండా పూలకుండీలో పోశాడు. ఖాళీ గ్లాసును మరోసారి వాసన చూసి గానీ కింద పెట్టలేదు. ఇంకో ఇల్లయితే తాగేసేవాడే.

నాలుగో ఇంటి ముసలావిడ బోరిష్కా గేటుకు అడ్డంగా నిలబడింది.

"ఒక్క చుక్క బాబూ. మా చెట్టు పళ్లే."

"వద్దు పెద్దమ్మా."

"ఏం, మా గ్లాసు పనికిరాదా? బుడాపెస్ట్ దొరవా?"

చెప్పడానికి అబద్ధాలు మిగల్లేదు. ఒళ్లు మండింది.

"తాగుబోతుని పెద్దమ్మా! ఇది తాగితే సీసా ఖాళీ అయ్యేదాకా లేవను. చాలా?"

ఆవిడ గ్లాసు తానే గుటుక్కున తాగేసి, మూతి తుడుచుకుని, "ముందే చెప్పొచ్చుగా" అంది. హమ్మయ్య అనుకున్నాడు వెండెల్. ఆ సంతోషం పక్కింటిదాకా కూడా నిలవలేదు. ఆవిడ అతనికంటే ముందు నడుస్తూ గేటు గేటుకీ కేకలు మొదలెట్టింది.

"ఈ అబ్బాయికి మందు పొయ్యకండర్రా! మానేశాడంట! షర్బత్ ఇవ్వండి!"

"అరవకు పెద్దమ్మా, నీకు దణ్ణం పెడతా!"

"ఇంటికో అబద్ధం నువ్వేం చెప్తావులే. నేను చెప్తాగా."

తల కొట్టేసినట్టయింది. కట్టుకున్న పెళ్లాంతో కూడా పైకి అనలేకపోయిన మాటను వీధి వీధంతా వింది. ఎనిమిది ఇళ్లవాళ్లు పూల షర్బత్ తెచ్చారు, జాలిగా చూశారు. మంచివాళ్లంటేనే అతనికి కంపరం పుట్టింది.

సారాకొట్టు యజమాని కల్మాన్ ముద్రనూ సిరాపెట్టెనూ పళ్లెంలో పెట్టుకుని వీధిలోనే ఎదురొచ్చాడు. "లోపలికి రావొద్దు, వాసనొస్తుంది" అన్నాడు, జ్వరం వచ్చినవాడితో మాట్లాడినట్టు మెల్లగా. వెండెల్ పుస్తకం మీద ముద్రను బలంగా గుద్దేసి ఊరి చివరికి నడిచాడు.

"ముందొచ్చే ఊరికి ఫోన్ చేసి చెప్తానుండు!" వెనక నుంచి బోరిష్కా అరిచింది.

పొలాల దగ్గర వెనక అడుగుల చప్పుడైంది. ఇంకెవడో షర్బత్ తెస్తున్నాడనుకుని అగ్గిమీద గుగ్గిలమై వెనుదిరిగాడు. ఇందాక సారాకొట్టు కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కనిపించిన మనిషి. నలభై ఏళ్లుంటాయి. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వచ్చేశాడు. ఖాళీ చేతులు వణుకుతున్నాయి.

"అన్నా, ఆవిడ అరిచింది నీ గురించేనా?"

"అయితే ఏంటంట?"

"ఏం లేదు... మానేసిన మొదటి రోజు ఎట్లా గడిపావు?"

వెండెల్ కోపం ఇంకా చల్లారలేదు. ఆ చేతులవైపు చూశాడు. తర్వాత సారాకొట్టువైపు చూశాడు. అది మరీ దగ్గరలో ఉంది.

"ఇక్కడ నిలబడితే గడవదు," అన్నాడు విసుగ్గా. "నడు, చెప్తా."