అభ్యంతరాలు ఏవీ లేవు

"నీకేమిటే, హాయిగా కూర్చుని రాసే ఉద్యోగం" అని భర్త అన్నప్పుడు ఆమె సింకు ముందు నిలబడి గిన్నెలు తోముతోంది. బొగ్గు కరెంటు పోయి ఎండ కరెంటు వస్తుంటే అందరికీ సంతోషమేగా, ఇందులో బుర్ర బద్దలు కొట్టుకోవడానికేముందని కూడా అన్నాడు. జవాబు చెప్పడానికీ ఓపిక కావాలి, అది పొద్దున్నే అయిపోయింది.

ఆమె పని విద్యుత్ శాఖలో చట్టాల ముసాయిదాలు రాయడం. బొగ్గుతో కరెంటు తీసే కర్మాగారాలు మూసేసే చట్టాన్ని ఐదు నెలలుగా రాస్తోంది. రాత ఆమెది, సంతకం పెద్దసారుది, అది మామూలే. ఆ పొగ పోవాలనే ఆమె కూడా మనసారా కోరుకుంది. పేచీ అంతా ఒక్క మాట దగ్గర వచ్చింది. కర్మాగారంలో పనిచేసినవాళ్లకు జీవితాంతం ఊపిరితిత్తుల వైద్యం ఉచితం అంది చట్టం. పనిచేసినవాళ్లంటే హాజరుపట్టీలో పేరున్నవాళ్లు అన్నారు పెద్దసారు.

మామగారి పేరు ఆ పట్టీలో ఉండేది. పోయేదాకా కంపెనీ ఆసుపత్రిలోనే చూశారు. ఆయన మసి బట్టలు ముప్పై ఒక్క ఏళ్లు పెరట్లో దులిపి ఉతికింది అత్తగారు. ఇద్దరిదీ ఒకే దగ్గు. "నేనెక్కడ పనిచేశానే, ఇంట్లోనేగా ఉన్నాను" అంటుంది పిచ్చి అత్త.

చట్టం మీద అభ్యంతరాలు చెప్పడానికి జనానికి నెలరోజులు గడువిచ్చారు. కార్మికుల కాలనీ నుంచి రెండు వందల పన్నెండు మంది ఆడవాళ్లు మాకూ ఆ వైద్యం కావాలని ఉత్తరాలు రాశారు. వృత్తి అన్నచోట 'ఏమీ లేదు' అని రాసుకున్నారు పాపం. ఆ ఆఫీసులో వృత్తి లేని ఉత్తరాన్ని 'ఇతరములు' అనే కట్టలో పడేస్తారు, అది లెక్కలోకి రాదు. ఆమె భోజనాల వేళ ఆ కట్ట విప్పి ఒక్కొక్కటే చదివింది. రేపు వీళ్లు కోర్టుకు వెళితే, గడువులోపల ఎందుకు చెప్పలేదని అడుగుతారు. చెప్పారు, మహాప్రభో, చెప్పారు.

ఇవి కూడా అభ్యంతరాలే కదా అని ఆమె నసుగుతూ అడిగితే పెద్దసారు నవ్వారు. "ఇంట్లో బట్టలుతకడమూ పనేనంటే రేపు మా ఆవిడే నా మీద కేసు పెడుతుందమ్మా." ఆమె కూడా నవ్వింది, అలవాటుకొద్దీ. నవ్వినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆయన అదే మెత్తని గొంతుతో, "అభ్యంతరాలేవీ లేవని రాసెయ్. ఐదింటికల్లా ఫైలు మంత్రిగారి దగ్గరుండాలి. నీ ప్రమోషన్ కాగితం కూడా నా బల్ల మీదే ఉంది" అన్నారు.

తన సీటుకొచ్చి కూర్చుంది. ఫైల్లో కాగితానికి సిరాతో నంబరు వెయ్యడం ఆ సెక్షన్లో ఆఖరి పని. నంబరు పడకముందు ఎన్నిసార్లయినా చింపి రాసుకోవచ్చు. పడ్డాక మంత్రి చెప్పినా చింపడానికి లేదు. ఇన్నేళ్లలో ఆమె ఎప్పుడూ రాశాకే నంబరు వేసింది. ఇవాళ ఖాళీ కాగితం మీదే ముందు నలభై ఏడు అని వేసేసింది. ఇంక వెనక్కి వెళ్లే దారి లేదు. ఫోన్లో భర్త మెసేజ్ వచ్చింది, పాలు లేవు, ఎప్పుడొస్తావు అని. ఫోన్ బోర్లా పెట్టి రాయడం మొదలుపెట్టింది.

"గడువులోపల అందిన అభ్యంతరాలు: రెండు వందల పన్నెండు. ఉత్తరాలు జతచేయడమైనది. ఇవి కాక, ఈ ముసాయిదా రాసిన మనిషిది ఇంకొకటి."

కింద, ఆ ఫైల్లో మొదటిసారిగా, తన సంతకం పెట్టింది.