మా కొండ ఆకు

గురువారం మధ్యాహ్నం డాక్టర్ సబ్రీ యూనివర్సిటీ నుంచి వస్తున్నాడు. ‘ఈ కొండ మీది జమతూత్ వేరే రకం’ అని ఆయన ఒక్క కాగితం రాసిస్తే, ఆదివారం గ్రామ కౌన్సిల్ మా కొండను రాతి క్వారీకి ఇవ్వదు. రాయకపోతే ఇస్తుంది. విదాద్ వదిన వారం రోజులుగా సరిగ్గా నిద్రపోలేదు.

జమతూత్ అంటే బండల సందుల్లో పూసే అడవి సైక్లమెన్ అనే పూలమొక్క. వదిన బడిలో సైన్స్ చెప్పేది. హెబ్రోన్, జెరికో, మా కొండ, మూడు చోట్ల నుంచీ గింజలు తెచ్చి ఏడేళ్లుగా డాబా మీద కుండీల్లో పెంచింది. ఒకే మట్టి, ఒకే నీళ్లు. అయినా హెబ్రోన్ ఆకు మీద వెండి గీతలు, జెరికో ఆకు మీద వెండి మచ్చలు, మా ఆకు మాత్రం ఏ గీతా లేకుండా నున్నటి పచ్చన. మావి మార్చిలో గానీ పూయవు. జనవరిలో చూపించడానికి ఉన్నవి ఆకులే.

గురువారం పొద్దున్నే వదిన డాక్టరును తీసుకురావడానికి కారులో నాబ్లుస్ వెళ్లింది. అప్పుడు నా భర్త ఫఖ్రీ వంటింట్లోకి వచ్చాడు.

"అంత పెద్దమనిషికి జమతూత్ ఆకుల్లో అన్నం చుట్టి పెట్టకపోతే మన పరువేం కాను?"

"మూడు రోజుల నుంచీ వాన. కొండ ఎక్కితే కాలు నిలవదు."

"డాబా మీద లేవా?"

"వదిన నన్ను చంపేస్తుంది."

"అక్కను అడిగానులే. కోసుకోమంది. అతిథి ఆవిడ అతిథే కదా."

క్వారీ వాళ్లు ఫఖ్రీకి లారీల పని ఇస్తామన్నారని ఊరందరికీ తెలుసు. నాకూ తెలుసు. వదినకు ఫోన్ చేద్దామని చేతిలోకి తీసుకున్నాను. మాంసం ఇంకా తరగలేదని పక్కన పెట్టేశాను.

డాబా మీద వెండి గీతల ఆకు పట్టి చూశాను. పలచన. చుడితే చిరుగుతుంది. నా చేతులకు అలవాటైంది మా నునుపాకే. మా కొండవి పన్నెండు కుండీలూ బోడి చేసి దిగాను. ఉడకబెట్టి రెండుసార్లు నీళ్లు పారబోశాను. చేదు పోయింది.

అతిథి తినకుండా పని మాట ఎత్తడం మా దగ్గర లేదు. డాక్టర్ సబ్రీ తొమ్మిది తిన్నాడు.

"ఇంత మెత్తని ఆకు ఎక్కడా తినలేదమ్మా."

"ఇంకో రెండు వడ్డించు, నజాహ్," అన్నాడు ఫఖ్రీ. "డాక్టరు గారు మెట్లెక్కాలి."

వదిన ముద్ద నోటి దాకా తెచ్చి ఆపింది. "ఈ వానలో కొండెవరు ఎక్కారు?"

నేను ఫఖ్రీ వైపు చూశాను. ఆయన నిమ్మకాయ పిండుకుంటున్నాడు.

వదినకు అర్థమైంది. పళ్లెంలోంచి ఒక చుట్ట తీసి విప్పింది. అన్నం దులిపి, ఆకు కడిగి, డాక్టరు ముందు పరిచింది.

"ఇది మా కొండది."

ఆయన ఆకును తిప్పి చూశాడు. "ఉడికాక అన్నీ ఒకటే, టీచరుగారూ."

"ఫోటోలున్నాయి."

"ఫోటోల్లోవి ఏ కుండీవో నేనెలా ప్రమాణం చెయ్యను? కొండ మీదివి చూసి రాస్తే, మట్టి వల్ల అలా ఉన్నాయంటాడు క్వారీ వాళ్ల లాయరు. పక్కపక్కన పెరిగినవే కావాలి. కొత్త ఆకు ఎప్పుడొస్తుంది?"

"నెల పడుతుంది."

"అయితే నెలకు వస్తాను."

అప్పుడు నేను నోరు విప్పాను. "కళ్లు మూసుకుని చెప్పగలను డాక్టరు గారూ. హెబ్రోన్ ఆకు వేళ్ల మధ్యే చిరుగుతుంది. మాది చిరగదు. మడత పడ్డ చోట కూడా విరగదు."

ఆయన మర్యాదగానే నవ్వాడు. "వంటింటి మాట కాగితం మీద పెట్టలేనమ్మా."

"తేడా నీకు తెలుసన్నమాట," అంది వదిన నాతో. "మావే ఏరి కోశావు."

"నువ్వు కోసుకోమన్నావని చెప్పాడు వదినా."

"ఎవరు చెప్పారో నేనడగలేదు."

ఆదివారం కౌన్సిల్లో క్వారీకి సరేనంటూ అందరికంటే ముందు ఫఖ్రీ చెయ్యి ఎత్తాడు. తర్వాతి వారం కొండ మీదికి మొదటి యంత్రం ఎక్కింది. వదిన ఇప్పుడు తన వంట తనే చేసుకుంటుంది. డాబా తలుపుకు తాళం వేసింది. కుండీల్లో ఆకులు మళ్లీ వచ్చాయో లేదో నాకు తెలియదు.