ఊరు, ఇంటిపేరు, పిల్ల

“ఈ కొలతలు ఎక్కడన్నా గల్లంతయితే ఎట్టాగే? గుళ్లో పిల్ల జారిపోయే గౌనుతో నిలబడిద్ది!” అంది సంపూర్ణమ్మ, కూతురు కంప్యూటరు తెరవకముందే.

గుణదలలో ఆమె, చర్చిలో మొదటిసారి సత్ప్రసాదం తీసుకునే ఆడపిల్లలకు తెల్ల గౌన్లు కుడుతుంది. ఊళ్ల నుంచి తల్లులు కొలతలు మెయిల్లో పంపుతారు. పోయినేడు మైలవరంలో మరియ పేరున్న పిల్లలు ఇద్దరయ్యారు. కొలతలు తారుమారై పొట్టి పిల్లకు పొడుగు గౌను వెళ్లింది. ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు సంపూర్ణమ్మ ఇంకా మరవలేదు.

అందుకే కూతురు క్రిస్టినా రెండు మెయిల్ ప్రోగ్రాములు దింపింది. మొదటిది ముచ్చటగా ఉంది గానీ ఫోల్డర్లన్నీ ఒకే వరుస. రెండోది పాతకాలపుదానిలా ఉన్నా, ఫోల్డరులో ఫోల్డరు పెట్టనిస్తుంది.

“మొదటిదే ఉంచుతానమ్మా, కళ్లకింపుగా ఉంది.”

“దాన్లో ఇద్దరు మరియల్ని ఎట్టా విడదీస్తావే?”

“పేరు పక్కన నంబరేద్దాం.”

“పిల్లలకి నంబర్లేంటే, ఖైదీలా?”

సంపూర్ణమ్మ మౌసు లాక్కుంది. రెండోదాంట్లో మైలవరం అని ఫోల్డరు పెట్టించింది. దాని లోపల తలతోటి, గోగులమూడి అని ఇంటిపేర్లు, వాటి లోపల పిల్లల పేర్లు. మెయిళ్లు ఒక్కొక్కటే లాగి వేసింది.

“సరే, ఏది ఉంచను?”

కరెంటు పోతే ఇవన్నీ చెరిగిపోతాయేమోనని సంపూర్ణమ్మకు అనుమానం. కంప్యూటరు ఆపించి, మళ్లీ పెట్టించింది. ఇద్దరు మరియలనూ తెరిచి, పొడవులు రెండుసార్లు చదువుకుంది. క్రిస్టినా విసుగెత్తి గోళ్లు చూసుకుంటోంది.

“రెండోదే,” అంది చివరికి, కత్తెర అందుకుంటూ. “మొదటిది తీసెయ్.”