జానెడు దూరంలో

నేను ఒక సమ్మెటను. పూర్వం ఏదో లారీకి ఇరుసునట. విరిగి పాత ఇనుములో పడి ఉంటే ఒక కమ్మరి ఏరి తెచ్చి, కొలిమిలో ఎర్రగా కాల్చి, ఒళ్లు హూనమయ్యేలా బాది నాకీ రూపం ఇచ్చాడు. దెబ్బలు తిని పుట్టినదాన్ని, దెబ్బల సంగతి నాకు కొంత తెలుసు.

నన్ను కొన్నవాడు ఓబేదు. ఒంగోలు దగ్గర ఒక రాళ్ల క్వారీలో పని. మూడు దెబ్బల్లో బండను చీల్చేవాడు. ఆదివారం చర్చిలో అదే చెయ్యెత్తి అందరికంటే గట్టిగా స్తోత్రం చెప్పేవాడు. మిగతా రోజుల్లో ఆ చేతిలో సారా గ్లాసు ఉండేది. ఇంట్లో సామాను పగిలినా, భార్య అలిగి పుట్టింటికి వెళ్లిపోయినా అతనిది ఒకటే మాట: "దేవుడు నన్ను శోధిస్తన్నాడు. భక్తులకే గదా శ్రమలు!" ఆ శ్రమల్లో చాలావాటికి నేనే సాక్షిని. సామాను పగిలింది నాతోనే, నన్ను పట్టుకున్నది అతనే.

ఒక శుక్రవారం పొద్దున్నే తాగొచ్చాడని క్వారీ మేస్త్రీ అతన్ని లోపలికి రానివ్వలేదు. ఓబేదు నా కామతో, అంటే కర్రపిడితో, మేస్త్రీ దవడ మీద కొట్టాడు. రెండు పళ్లు నెత్తుటితో సహా రాతిపొడిలో పడ్డాయి. అక్కడే పని చేస్తున్న ఓబేదు తమ్ముడు సీలాసును యజమాని పిలిచి ఏం జరిగిందని అడిగాడు. సీలాసు చూసింది చూసినట్టు చెప్పాడు. ఓబేదు పని ఊడింది.

అన్నదమ్ములది ఒకే రాతి ఇల్లు, నడుమ ఒక గోడ. ఓబేదు సరాసరి ఇంటికొచ్చి నాతో ఆ గోడ మీద పడ్డాడు.

"నా కూడు చెడగొట్టిన నీకు ఇల్లెందుకురా!"

ప్రతి దెబ్బకీ రాళ్లు ఎగిరిపడుతున్నాయి. అవతల సీలాసు భార్య తబిత కేక వినిపించింది. అన్న వెనకాలే పరిగెత్తుకొచ్చిన సీలాసు వాకిట్లోంచే అరిచాడు.

"కొట్టబాకన్నా! తబిత లోపలుంది!"

ఓబేదుకు వినబడింది. నన్ను పట్టుకున్న వేళ్లు ఒక్క క్షణం సడలాయి. అయినా ఇంకో దెబ్బ వేశాడు.

గోడ అటువైపు కూలి తబిత భుజం మీద పడింది. పైనున్న రాతిదూలం ఇటువైపు జారి ఓబేదు మోకాలిని నలిపేసింది. అతను ముందుకు కూలబడి ఆ దూలం మీదే తల వాల్చేశాడు. నేను అతని చేతిలోంచి జారిపోయాను.

సీలాసు భార్యను బయటికి లాక్కొచ్చి పడుకోబెట్టాడు. భుజం ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికొచ్చింది. ఆ నెత్తురు చేతులతోనే వెనక్కి వచ్చి నన్ను అందుకున్నాడు.

ఓబేదు తల ఎత్తకుండానే అన్నాడు. "కొట్టరా. తలకాయ మీద కొట్టు. పీడా వదుల్ద్ది."

సీలాసు నన్ను తల పైకెత్తాడు. నేను దిగాను. పగిలింది దూలం. ఇంకో నాలుగు దెబ్బలకు రెండు ముక్కలైంది. రాతి పెచ్చులు ఎగిరి అన్నదమ్ములిద్దరి ముఖాలూ చీరుకుపోయాయి.

ఆస్పత్రిలో ఓబేదు కాలు తీసేశారు. తబిత చెయ్యి మళ్లీ భుజం దాటి పైకి లేవలేదు.

మూడు నెలల తర్వాత ఓబేదు చంకకర్ర మీద చర్చిలో నిలబడి సాక్ష్యం మొదలుపెట్టాడట. "దేవుడు నన్ను ప్రేమించి నా కాలు తీసుకున్నాడు..." కొందరు హల్లెలూయా అన్నారు. తబిత లేచి నిలబడింది.

"దేవుడి మీద పెట్టబాక బావా. నీ కాలు నువ్వే తీసుకున్నావు. నా చెయ్యి గూడా నువ్వే తీశావు. దేవుడు చేసిందేందో అది చెప్పు."

ఓబేదు సాక్ష్యం అక్కడితో ఆపేశాడట. స్తోత్రం చెప్పకుండానే కూర్చున్నాడట.

ఆ సాయంత్రం సీలాసు కూలిన గోడ మళ్లీ కట్టడానికి నాతో రాళ్లు చదును చేస్తున్నాడు, తబిత పక్కనే ఉంది. ఓబేదు కుంటుకుంటూ వచ్చి ఎదురుగా నేల మీద కూలబడ్డాడు.

"ఆ రోజు నా తల మీద ఎందుకు కొట్టలా?"

"కొడదామనే ఎత్తానన్నా."

"మరి?"

"తెలవదు. దించేసరికి రాయి మీద పడింది."

ఓబేదు మొహం రెండు చేతుల్లో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. "నేనే చేశా తబితా. వాడు అరిచింది నాకు వినబడింది. వినబడే కొట్టా," అన్నాడు. తబిత, "ఊరికే కూచోబాక బావా. ఆ రాళ్లు అందియ్యి," అంది. అతను ఒక్కొక్కటే అందించాడు.

ఇప్పుడు కామ విరిగి మళ్లీ పాత ఇనుప కొట్లో పడి ఉన్నాను. ఎవరూ అడగకపోయినా నా సాక్ష్యం ఒకటుంది. ఆ రోజు సీలాసు చేతుల్లోని బలమంతా అన్న తలవైపే ఉంది. నేను అటే దిగాను. ఇంకా జానెడు దూరం ఉందనగా పక్కకు ఒరిగాను.

ఇనుము తనకు తానై ఒరగదు.