కింది పోర్షన్‌లో పొంగిన పాలు

అన్వరీ వాళ్ల కింది పోర్షన్ కిరాయికి చూడ్డానికి వచ్చిన వాళ్లందరిదీ ఒకటే తంతు. హాల్లోకి వచ్చి బాగుందంటారు. బెడ్‌రూం కిటికీ తెరిచి గాలి మంచిగా వస్తోందంటారు. వంటింట్లో అడుగు పెట్టారో లేదో, నోటికి తాళం పడుతుంది. ఒకరి మొహం ఒకరు చూసుకుని, "ఇంటికి పోయి ఫోన్ చేస్తం" అంటూ చెప్పులేసుకుంటారు. ఆ ఫోన్ వస్తే ఒట్టు.

ఇదేం విడ్డూరమో ఆవిడకు అంతుపట్టలేదు. మెదక్ రాందాస్ చౌరస్తా దగ్గర బట్టలు కుట్టే మనిషి కదా, తప్పు రంగుదే అనుకుంది. వంటింటి నీలం మీద లేత పసుపు వేయించింది. ఫోన్ రాలేదు. పసుపు మీద తెలుపు వేయించింది. కుళాయిలు మార్చింది, యాసిడ్ పోసి టైల్సు అరచేతులు మండేదాకా తోమింది. ఊహూఁ!

బావగారు గులాం మొహియుద్దీన్‌కి మాత్రం లోపల సంబరంగానే ఉంది. ఆయనది పాత ఇనుము వ్యాపారం. తమ్ముడి ఇంటి కింది భాగం మీద ఎప్పటినుంచో కన్ను.

"మనోళ్ల ఇంట్ల వాళ్లు దిగుతరా? ఊకె రంగులేసుడు దేనికి? ముందటి గోడ పలగ్గొట్టి షట్టర్ పెట్టిస్త, నా గోదాం జేసుకుంట. శుక్రవారం జుమ్మా నమాజ్ అయినంక షట్టరాయనను తోలుకొస్త" అని తేల్చేశాడు.

అన్వరీ భర్త జియా ఆటో నడుపుతాడు. మనిషి బంగారం, కానీ అన్న ఎదుట నోట్లో నాలుక లేనివాడు. "భాయ్ చెప్తున్నడు గద" అని తల దించుకున్నాడు.

అన్వరీకి ఒళ్లు మండిపోయింది. ఏళ్ల తరబడి మిషన్ తొక్కి, మెడ పట్టేసి, కళ్లు లాగేసి లేపిన గోడలవి. అందులో ఒక సంసారం ఉండాలి, పిల్లలు గోల చెయ్యాలి, పొద్దున్నే తాళింపు వాసన రావాలి. అక్కడ తుప్పు కుప్పలు పోస్తాడట, పెద్ద మొగోడు! కానీ ఆయనన్న మాట మాత్రం ఆవిడ గుండెలో ముల్లులా దిగబడింది. నిజంగానే తాము ముసల్మాన్లమనే రావడం లేదా? ఆ సంగతి పైకి అడగాలంటేనే భయం. అవునంటే ఏం చేస్తుంది?

ఆ ఆదివారం రేగోడ్ నుంచి వజ్రమ్మ అనే పెద్దావిడ కోడలు సృజనను వెంటబెట్టుకుని వచ్చింది. సృజనకు మెదక్‌లో నర్సు ఉద్యోగం వచ్చిందట. హాలు నచ్చింది. గాలి నచ్చింది. వంటింట్లోకి వెళ్లారు. అంతే, వజ్రమ్మ కోడలి మోచెయ్యి గిల్లింది.

"ఇంటికి పోయి ఫోన్ చేస్తం బిడ్డా."

అన్వరీ గబగబా పోయి గేటుకు అడ్డంగా నిలబడింది. "చెయ్యరు. నాకెర్కే. ఎందుకు చెయ్యరో చెప్పి పోండ్రి. మేము ముసల్మాన్లమనా? గదే అయితే గదే చెప్పుండ్రి, నేనేం అనుకోను." అనుకోనంది గానీ గేటు గడియ మాత్రం వదల్లేదు.

వజ్రమ్మ బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో, గట్లెందుకంటవ్ బిడ్డా! మా పక్కింటోళ్లు మీవోళ్లే, పొద్దుందాక వాళ్లింట్లనే ఉంట. గది కాదు. నీ పొయ్యి బండ జూడు, దక్షిణం మొకాన నిలవడి వండాలె. మేము తూర్పు మొకాన నిలవడితేనే వండుతం. గంత మంచి బండ ఏపిచ్చుకున్నవ్, వంక వెడ్తె నీ మనసు కష్టపడ్తదని చెప్పలే."

"గంతేనా పెద్దమ్మా?"

"గంతే మల్ల!"

అన్వరీ గేటు పట్టుకుని పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఎన్ని రంగులేసింది తల్లీ! ఇదే ఇల్లు కట్టేటప్పుడు, బాత్రూంలో కూర్చుంటే మొహం నమాజు చేసే పడమటి దిక్కుకు ఉండకూడదని, బిగించిన కమోడ్‌ను ఊడబీకించి మరీ తిప్పించిన మనిషి ఆవిడ. ఇల్లు కట్టిన సుతారి మేస్త్రి మల్లేశ్ ప్రాణం తోడేసింది. తనకు అక్కడ దిక్కు పట్టింపయితే వాళ్లకు పొయ్యి దగ్గర పట్టింపు ఉండదా? ఆ ముక్క ఇన్నాళ్లూ బుర్రకు తట్టనే లేదు.

"శుక్రవారం పొద్దుగాల పాలు పట్టుకొని రాండ్రి. మీ పొయ్యి తూర్పు మొకాన ఉంటది" అంది.

"గోడలు తిప్పుతవా ఏంది?" అని వజ్రమ్మ నోరు తెరిచింది.

"గోడలెందుకు? బండ తిప్పుత."

కబురందుకుని వచ్చిన మల్లేశ్ తల గోక్కున్నాడు. "అక్కా, అప్పుడు కమోడ్ తిప్పిస్తివి, ఇప్పుడు పొయ్యి తిప్పమంటివి. రేపు ఇల్లే తిప్పమంటవేమో!"

"తిప్పుతవ్ తియ్యి. ముందుగాల గడ్డపార పట్టు."

గ్రానైట్ బండ విరక్కుండా లేవాలి. విరిగితే శుక్రవారం లోపల ఇంకోటి దొరకదు. మల్లేశ్ సందులో గడ్డపార పెట్టి మెల్లగా కదిలించాడు. ఒక కొస అతను పట్టాడు, ఇంకో కొస అన్వరీ, కూతురు అఫ్షా పట్టారు. బండ లేచింది గానీ వాళ్లిద్దరి చేతుల్లోంచి జారసాగింది. జియా గుమ్మంలో నిలబడి నసుగుతున్నాడు, "భాయ్ ఏమంటడో..."

"భాయ్ తర్వాత అంటడు! బండ ఇప్పుడు పడ్తది. పట్టు!" అని అన్వరీ అరిచింది.

జియా ఒక్క గెంతులో వచ్చి పట్టుకున్నాడు. బండ తూర్పు గోడ దగ్గరికి భద్రంగా చేరింది. మల్లేశ్ కింద ఇటుకలు కట్టాడు, సింకు పైపు పొడిగించాడు. పాత చోట పెచ్చులూడిన గోడకు అన్వరీయే సున్నం వేసింది.

శుక్రవారం పొద్దున వజ్రమ్మ కొత్త గిన్నెకు పసుపు రాసి, తూర్పు మొహాన నిలబడి పాలు పెట్టింది. అందరూ చూస్తుండగానే పాలు బుసబుసా పొంగి బండ మీదికి దిగాయి. "తూర్పుకే పొంగినయ్!" అని వజ్రమ్మ కేకేసింది. అఫ్షా చప్పట్లు కొట్టింది. అన్వరీ అయితే వజ్రమ్మను కావలించుకుని ఊపేసింది.

నమాజు కాగానే మొహియుద్దీన్ షట్టరాయనతో దిగాడు. గుమ్మానికి మామిడాకులు చూసి ఆగిపోయాడు. సృజన ఆయన చేతిలో పరమాన్నం గిన్నె పెట్టింది. ఆయన వంటింట్లోకి తొంగి చూసి, బండను చూసి, అన్వరీని చూశాడు.

"బండ తిప్పితే దిగుతరని నీకెవరు చెప్పిండ్రు?"

"వాళ్లనే అడిగిన భాయ్‌సాబ్. ఇన్ని దినాలు మనలో ఒక్కరం గూడ అడగకపోతిమి."

షట్టరాయన టేపు పట్టుకుని నిలబడ్డాడు. "సాబ్, కొలతలు తీస్కోవాల్నా?"

మొహియుద్దీన్ అలవాటుగా తమ్ముడి వైపు చూశాడు. జియా ఈసారి తల దించలేదు.

"వద్దు భాయ్. అన్వరీ తన ఇల్లు కిరాయికిచ్చింది" అన్నాడు.

తన ఇల్లు! అన్వరీ గుండె ఉప్పొంగిపోయింది. ఇంకో గిన్నె నిండా పరమాన్నం పెట్టుకొచ్చి షట్టరాయన ముందు పెట్టింది.

"కూసో తమ్మీ, తిని పో."