తోడికోడళ్ల బడి

పళ్ల డాక్టరమ్మ ఉన్ని కోటు చిన్నపిల్లకు సరిపోయేంతగా కుదించుకుపోయిన రోజున గానీ, ఆ లాండ్రీలో తోడికోడళ్లిద్దరూ ఒకరి రాత ఒకరు చదవలేరన్న సంగతి బయటపడలేదు.

అప్పటిదాకా ఆ అవసరం రాలేదు. పెద్దకోడలు ముందుగదిలో కౌంటరు దగ్గర బట్టలు తీసుకునేది. ప్రతి బట్టకీ ఒక గుడ్డపీలిక మీద చెరగని సిరాతో గుండ్రంగా తెలుగులో రాసి పిన్నుతో గుచ్చేది. కాలరు మరక. గుండీ ఊడింది. అంచు జాగ్రత్త. ఆవిడ దస్తూరీ చూసి, బట్ట తిరిగొచ్చాక పీలిక పారేయబుద్ధి కాక దాచుకున్నవాళ్లున్నారు. చిన్నకోడలు వెనకగదిలో మెషీన్లు, కంప్యూటరు చూసుకునేది. మొదటి నుంచీ ఇంగ్లీషు మీడియం. తెలుగు గడగడా మాట్లాడుతుంది గానీ ఒక్క అక్షరం చదవలేదు. అన్నదమ్ములిద్దరూ పొద్దస్తమానం వ్యానులో తిరుగుతూ హోటళ్ల దుప్పట్లు తేవడంలోనూ ఇవ్వడంలోనూ ఉండేవాళ్లు.

పెద్దకోడలికి ఒక అలవాటుంది. పీలిక మీద రాసిందే గొంతెత్తి అరిచేది, మెషీన్ల హోరులో వినబడాలని. చిన్నకోడలు ఆ అరుపు విని పని చేసేది. మరి రాయడం ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆ రోజు పెద్దకోడలికి గొంతు పోయింది. జలుబు చేసి, మాట కాదు కదా గాలి కూడా సరిగ్గా రావడం లేదు. డాక్టరమ్మ కోటు తీసుకుని, పీలిక మీద "ఉన్ని. నీళ్లు తగలకూడదు" అని రాసి, కింద రెండు గీతలు కూడా గీసి లోపలికి పంపింది. చిన్నకోడలు అరుపు కోసం కాసేపు చూసింది. అరుపు రాలేదు కాబట్టి ప్రత్యేకంగా ఏమీ లేదనుకుని దుప్పట్లతో పాటు మెషీన్‌లో వేసింది. మధ్యలో పెద్దకోడలు వేణ్ణీళ్ల కోసం వెనకగదిలోకి వచ్చింది కూడా. మెషీను మీద ఎర్రగా మూడు ఇంగ్లీషు అక్షరాలు వెలుగుతున్నాయి. తయారుచేసిన కంపెనీ పేరు కాబోలనుకుంది. వేడి అని రాసి ఉందని ఆవిడకి తర్వాత చెప్పారు.

డాక్టరమ్మ కోటును రెండు వేళ్లతో పైకెత్తి ముందూ వెనకా చూసింది.

"చాలా శుభ్రంగా ఉంది," అంది. "ఇంతకీ మీలో చదువు రానిదెవరు?"

తోడికోడళ్లిద్దరూ ఒకరివైపు ఒకరు వేలు చూపించారు.

ఆ సాయంత్రం అత్తగారు పంచాయితీ పెట్టింది. పెట్టడమంటే ఏమీ లేదు, ఇస్త్రీ బల్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

"రేపట్నుంచి భోజనాలయ్యాక మెషీన్లు ఆపండి. నువ్వు దానికి తెలుగు నేర్పు. నువ్వు దీనికి ఇంగ్లీషు నేర్పు. నేను కూర్చుని చూస్తాను."

"మీరేం చూస్తారత్తయ్యా? మీకు రెండూ రావు కదా," అంది చిన్నకోడలు, ఎగతాళి లేకుండానే.

"అందుకే. నేనెవరి పక్షమూ కాదు."

ఇస్త్రీ బల్ల మీద పరిచిన కంబళే పలక అయింది, బట్టలకు గుర్తులు పెట్టే సుద్దే బలపం. పాఠం కాగానే చేత్తో దులిపేస్తే పోయేది. పోనిది ఏదైనా ఉంటే మర్నాడు ఎవరిదో తెల్ల చొక్కా వీపు మీద తేలేది.

పెద్దకోడలు తన చిన్నప్పటి పంతులుగారిలాగే నేర్పేది. అంటే, నవ్వకుండా. వరుస తప్పకూడదు, ఒక అక్షరం నిలబడకుండా ఇంకొకటి ఎక్కకూడదు. చిన్నకోడలు మరో పద్ధతి. కంబళి మీద సుద్దతో బొమ్మలు వేసేది, చప్పట్లు కొట్టేది, సరిగ్గా చదివితే "సూపర్ అక్కా!" అనేది. మొదటి రోజు పెద్దకోడలి చేతి మీద ఎర్ర నక్షత్రం స్టిక్కరు అంటించింది. పెద్దకోడలు దాన్ని గోటితో గీకి తీసి, "నాకు పెళ్లీడుకొచ్చిన కూతురుంది," అంది.

గొడవలు కూడా పాఠాలంత క్రమంగానే జరిగేవి.

"ఈ ఙ ఏ మాటలో వస్తుందక్కా?"

"రాదు."

"మరెందుకు నేర్చుకోవడం?"

"వరుసలో ఉంది కాబట్టి."

మర్నాడు చిన్నకోడలు ఒక స్వెట్టరు మెడ తిప్పి, అల్లిక అనే అర్థమున్న ఇంగ్లీషు మాట చూపించి చదవమంది. పెద్దకోడలు కూడబలుక్కుని "క్నిట్" అంది.

"నిట్, అక్కా. మొదట్లో కె పలకదు."

"మరెందుకు రాశారు?"

"అక్కడ ఉంది కాబట్టి."

పెద్దకోడలు కాసేపు ఆలోచించి, "సరే. ఇక నువ్వు నోరు మూసుకుని ఙ రాయి," అంది.

ఇంగ్లీషు పెద్దక్షరాలు పెద్దకోడలికి తొందరగానే పట్టుబడ్డాయి. చిన్నక్షరాల దగ్గరే చిక్కొచ్చింది. బి, డి, పి, క్యూ నాలుగూ ఒకే అక్షరమనీ, బద్ధకంతో అటూ ఇటూ దొర్లించి నాలుగు పేర్లు పెట్టారనీ ఆవిడ నిర్ణయానికి వచ్చింది. అవతల చిన్నకోడలికి మ, వు ఒకటే. "ఆ కొమ్ము పక్కన కాదే, కింద వేలాడదియ్యి," అని పెద్దకోడలు ఎన్నిసార్లు చేయి పట్టి దిద్దించినా అది పక్కకే పోయేది. దీర్ఘాల సంగతి సరేసరి. ఒకరోజు ఒక చొక్కా మీద చిన్నకోడలు సొంతంగా పీలిక రాసింది. "కలరు చిరిగింది." ఆమె మొగుడు ఆ చొక్కాను వెలుగులో పట్టుకుని చాలాసేపు వెతికి, రంగు ఎక్కడా చిరగలేదని చెప్పి వెళ్లిపోయాడు.

అత్తగారు అన్నీ వింటూ కూర్చునేది. ఎవరి పాఠం బాగుందని అడిగితే, "ఇవాళ పెద్దది ఎక్కువ తిట్టింది," అని మాత్రం చెప్పేది.

ఇలా సాగుతుండగా పాత బోర్డు తుప్పు పట్టిందని కొత్తది రాయించాలనుకున్నారు. పైన ఇంగ్లీషు, కింద తెలుగు. ఆ మధ్యాహ్నం పాఠంలో పెద్దకోడలు కొంచెం సిగ్గుపడుతూ అడిగింది.

"చెల్లీ, ఇల్లిటరేట్ అని ఎలా రాస్తారు?"

చిన్నకోడలి చేతిలో సుద్ద ఆగిపోయింది. "ఎందుకక్కా?"

"బోర్డు మీద ఓ మూల నా గురించి రాయిద్దామని. నువ్వొచ్చిన కొత్తలో హోటల్ మేనేజరుతో ఫోన్లో చెప్పావు కదా. మా అక్క ఇల్లిటరేట్, ఏదున్నా నాకు చెప్పండి అని. ఇంటికి పెద్ద అనే కదా? ఇల్లు ఉంది కదా అందులో."

అత్తగారికేమీ అర్థం కాలేదు గానీ, విసురుకుంటున్న విసనకర్ర ఆపింది.

"ఇంకెవరితోనైనా అన్నావా అక్కా ఆ మాట?"

"అందరితోనూ అంటూనే ఉన్నాను. ఈ షాపుకి నేనే ఇల్లిటరేట్‌ని అని డాక్టరమ్మతో కూడా చెప్పాను. పరవాలేదులెండి అంది. నాకు అప్పుడే కొంచెం తేడాగా అనిపించింది."

చిన్నకోడలు అబద్ధం చెబుదామనుకుంది. ఆ సంగతి ఆమె మొహంలోనే కనిపించింది. కానీ రోజూ తప్పులు దిద్దే చోట కూర్చుని ఉంది. తల వంచుకుని చెప్పేసింది.

"చదువు రానివాళ్లు అని అర్థం అక్కా."

పెద్దకోడలు సుద్ద తీసుకుంది.

"చెప్పు. ఎలా రాయాలి?"

"వద్దక్కా."

"పాఠం మధ్యలో ఆపకూడదు. చెప్పు."

చిన్నకోడలు ఒక్కో అక్షరం చెప్పింది. పెద్దకోడలు ఒక్కోటీ రాసింది.

"ఎల్ రెండుసార్లా?"

"రెండుసార్లు."

"ఒకటి సరిపోలేదా?" అంది పెద్దకోడలు. చేత్తో కంబళి దులిపి లేచింది. "ఇవాళ్టికి చాలు."

ఆ తర్వాత పాఠాలు లేవు. ఇంట్లో మాటలున్నాయి గానీ అవి పీలికల మీద రాసుకునే సైజులోనే ఉండేవి. ఉప్పు అందుకో. తలుపు వేసిరా. పెద్దకోడలికి కోపం చిన్నకోడలి మీద ఎంతో, తన మీదా అంతే. సంవత్సరం పైగా నవ్వుతూ నలుగురికీ తానే చెప్పుకుంది కదా. ఆ నలుగురి మొహాలూ గుర్తు చేసుకుంటూ ఇస్త్రీ చేస్తుంటే, రెండు దిండు గలీబులు మాడిపోయాయి.

పెయింటరు బోర్డు రాసుకొచ్చేలోపు కాగితం మీద నమూనా పంపాడు. అత్తగారు తన పద్ధతి మార్చలేదు. "ఇంగ్లీషు పెద్దది చూస్తుంది, తెలుగు చిన్నది చూస్తుంది. అప్పుడే నేర్చుకున్నట్టు," అంది.

పెద్దకోడలు ఇంగ్లీషు లైను వేలుపెట్టి అక్షరం అక్షరం చదివింది, బాగానే ఉంది. కాగితం చిన్నకోడలికి ఇచ్చేటప్పుడు కింది లైను మీద ఆవిడ చూపు పడింది. "ఇచ్చట బట్టలు ఉతికి స్త్రీ చేయబడును." ఇ ఎగిరిపోయింది. పెద్దకోడలు చూసింది. చూడలేదని తనకు తాను చెప్పుకోవడానికి కూడా వీల్లేనంత స్పష్టంగా చూసింది. చిన్నకోడలు ఆ మాట దగ్గర ఆగి, తలెత్తి ఒకసారి ఆవిడ మొహంలోకి చూసింది. పెద్దకోడలు అప్పుడే గుర్తొచ్చినట్టు ఒక చొక్కా గుండీలు పెట్టడం మొదలుపెట్టింది. చిన్నకోడలు "బావుంది" అని కాగితం ఇచ్చేసింది.

బోర్డు వేలాడదీసిన పూటే వీధి వీధంతా చదివేసింది. కాలేజీ పిల్లలు కింద నిలబడి ఫోటోలు దిగారు. ఎదురు షాపు తాళాల రిపేరాయన వచ్చి, తన లుంగీ ఇస్తే ఏం చేస్తారని చాలా మర్యాదగా అడిగాడు. ఇంతవరకూ పెద్దకోడలు ఊహించుకున్నట్టే జరిగింది. ఊహించనిది డాక్టరమ్మ వచ్చినప్పుడు జరిగింది. ఆవిడ పైకి చూసి, కౌంటరులోకి చూసి, జాలిగా అంది.

"మీకు తెలుగైనా బాగా వచ్చనుకున్నానే."

పెద్దకోడలికి మొహం కందగడ్డలా అయింది. తెలుగు తప్పు పోతే వీధంతా చూసేది తనవైపే. ఆ లెక్క ముందే ఎందుకు తట్టలేదో ఆవిడకే తెలియలేదు.

లోపల్నుంచి చిన్నకోడలు తడి చేతులతో పరిగెత్తుకొచ్చింది.

"డాక్టరుగారూ, అది చూసింది నేను. మా అక్క కాదు. నాకు ఇప్పుడిప్పుడే వస్తోంది, సగం కూడా రాలేదు. అక్క రాతలో ఒక్క తప్పు ఉండదు, మీ పీలికలు తీసి చూసుకోండి."

డాక్టరమ్మ వెళ్లాక ముందుగదిలో ఇద్దరే మిగిలారు.

"నేను చూశానే," అంది పెద్దకోడలు. "కాగితం మీదే చూశాను. కావాలనే ఊరుకున్నాను."

చిన్నకోడలు చేతులు కొంగుకి తుడుచుకుంది. తుడుచుకున్నవే మళ్లీ తుడుచుకుంది.

"నాకూ అనుమానం వచ్చిందక్కా. ఇక్కడ ఏదో తగ్గిందే అనిపించింది. నీ మొహం చూశాను. నువ్వేమీ అనలేదు. అక్క ఊరుకుందంటే రైటే అయుంటుందనుకున్నాను."

ఇంతకంటే తిట్టి ఉంటే బాగుండేదని పెద్దకోడలికి అనిపించింది. తిట్టుకు జవాబు ఆవిడ దగ్గర సిద్ధంగా ఉంది.

"ఆ ఫోన్లో అలా అన్నందుకు..." అని చిన్నకోడలు మొదలుపెట్టింది.

"సర్లే. నిచ్చెన తీసుకురా."

పెయింటరు వేరే ఊళ్లో పనుందని వెళ్లిపోయాడు గానీ రంగు డబ్బా అడుగున కాస్త మిగిలింది. పెద్దకోడలు చీర కుచ్చిళ్లు దోపుకుని నిచ్చెనెక్కింది. చిన్నకోడలు కింద గట్టిగా పట్టుకుంది. రెండు మాటల మధ్య ఇ పట్టేంత చోటు లేదు. సన్నగా, నిలువుగా, రద్దీ బస్సులో ఒంటికాలి మీద నిలబడ్డ మనిషిలా ఇరికించింది. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి సలహాలిచ్చారు, ఒకాయన ఇ కి దీర్ఘం కూడా పెట్టమన్నాడు.

"ఎలా ఉందత్తయ్యా?" అని పైనుంచి అడిగింది.

అత్తగారు చేయి అడ్డం పెట్టుకుని చూసింది. "ఏముందో నాకు తెలీదు. ఏదున్నా వంకరగా ఉంది."

మర్నాడు భోజనాలయ్యాక మెషీన్లు ఆపి, కంబళి పరిచారు. పాఠానికి ముందు చిన్నకోడలు హోటల్ మేనేజరుకు ఫోన్ చేసి, ఇకనుంచి తువ్వాళ్ల సంగతి మా అక్కే మెసేజీలు పెడుతుందని చెప్పింది. ఆయన కాస్త తటపటాయించి, ఆవిడకి చదువు రాదన్నారు కదా అన్నాడు. తనే తప్పు చెప్పానంది చిన్నకోడలు. ఫోను పెద్దకోడలి చేతిలో పెట్టింది.

పెద్దకోడలు చాలాసేపు తిప్పలు పడి, అన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాల్లోనే టైపు చేసింది. తువ్వాళ్లు పంపాము. రెండు చిరిగినవి. మేము చింపలేదు. పంపేముందు చిన్నకోడలికి చూపించింది.

"చిరిగిందన్న మాటలో ఒక అక్షరం తగ్గింది, అక్కా."

"ఏదీ, చూపించు," అని పెద్దకోడలు కంబళి మీద సుద్ద ఆమెవైపు జరిపింది.